చేయని తప్పుకు మన్నింపు

మార్చి 3, 2071. మంగళవారం

నేను చేయని తప్పుకు నన్ను క్షమించారు. నన్ను అడగలేదు, ఎవరినీ విచారించలేదు. నా పేరు రాసి మరీ క్షమించారు.

పొద్దున బండికి చార్జింగ్ తీగ పీకుతుంటే ఫోన్ మోగింది. "యశోద గారూ, నిన్నటి ప్రమాదానికి మిమ్మల్ని మన్నించాం. మీ ప్రీమియం పెరగదు. మీ చేతి పట్టా తగ్గదు. ఫైలు మూసివేయబడింది. నిశ్చింతగా ఉండండి." కింద జోడించిన రెండు చేతుల బొమ్మ. నిశ్చింత బీమా వాళ్ల ముద్ర అది.

చేతితో బండి నడిపే పట్టా ఉన్న ప్రతి డ్రైవరూ రోజూ ఈ లాగ్ రాయాలి. రాసింది నిశ్చింత వాళ్లకే పోతుంది. దాన్ని ఎవరూ చదవరని గోదావరిఖని అంతటికీ తెలుసు. నాలుగేళ్లుగా నేను "బండి బాగుంది, బ్రేకు బాగుంది, వాన లేదు" అని రాసి పడేస్తున్నాను. ఇకనుంచి అలా రాయను.

నిన్న జరిగింది ఇది. ఉదయం ఆరూ నలభైకి స్వప్నవ్వను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆమెకు డెబ్బై ఏళ్లు, కిడ్నీలు పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాల్లో రక్తం కడిగించుకోవాలి. ఒకప్పుడు గనిలోకి దిగిన పాత ఇంక్లైన్ దారి మలుపు దగ్గర బండి ఆపాను. ఆ రోడ్డు కింద బొగ్గు తీసేసిన సొరంగాలున్నాయి. గనులు మూసేశాక వాటిలో నీళ్లు నిండాయి, రోడ్డు ఏడాదికి బెత్తెడు కుంగుతూ మలుపులో గుంత పడింది. అందుకే చేతిబండి వాళ్లం అక్కడ పూర్తిగా ఆగి, రెండు హారన్లు కొట్టి, కుడి అంచు పట్టుకుని దిగుతాం. మాకు ఎవరూ నేర్పలేదు. గుంతే నేర్పింది.

ఆగాను. రెండు హారన్లు కొట్టాను. ఎడమ పక్క సందులోంచి గుడ్డిబండి వచ్చింది. దానికి కంపెనీ పెట్టిన పేరు స్వయంరథం. లోపల డ్రైవరు ఉండడు. దాని మ్యాపులో ఆ గుంత లేదు. చక్రం జారి, వచ్చి నా ఎడమ తలుపుకు గుద్దుకుంది. ఆ తలుపు పక్కనే స్వప్నవ్వ కూర్చుంది.

నా బండి ఆగి ఉంది. ఆగి ఉన్న బండి ఏం తప్పు చేస్తుంది?

మార్చి 4. బుధవారం

స్వప్నవ్వ ఎడమ చెయ్యి వంకాయలా వాచింది. రక్తం కడిగేందుకు సూదులు గుచ్చేది ఆ చేతికే. లోపల నరం మూసుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ప్రస్తుతానికి మెడలో గొట్టం వేసి పని నడిపిస్తున్నారు. అది ఎక్కువ వారాలు ఉంచితే పుండు పడుతుందట. కుడి చేతికి కొత్తగా ఆపరేషన్ చేయాలి.

"పట్నంల గీ రోగానికి గోలీ వచ్చిందట గద," అంది స్వప్నవ్వ మెడ తిప్పలేక కళ్లు తిప్పుతూ. "మనదాంక వచ్చెటాలకు నేనుండ."

"నోరు మంచిగ పెట్టుకో అవ్వా."

"మెడల గొట్టం పెట్టిన్రు, నోట్లె పెట్టలే. ఇగ మాట్లాడకుంట ఎట్లుంట?"

ఆపరేషన్ కాగితాలు తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాను. రోడ్డు మీద ఎవరైనా గాయపడితే, తప్పు చేసిన బండి తాలూకు బీమా ఆసుపత్రికి కట్టాలి. కౌంటర్ ఆయన తెర చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది మన్నించిన ప్రమాదమమ్మా. ఫైలు మూసేసిన్రు. మూసిన ఫైలు మీద ఎవ్వలూ కట్టరు, దానికి ఎదుటి పార్టీ ఉండదు."

"ఎదుటి పార్టీ లేకపోతే ఈమెను ఎవరు గుద్దిన్రు?"

"నన్నడిగితే ఏం లాభం? నేను రాసుకునేటోన్ని."

నన్ను మన్నించడం ఎవరికి లాభమో అప్పుడు మొదటిసారి ఆలోచించాను.

నిజం చెప్పాలి. ఈ మన్నింపు నేను డబ్బు కట్టి కొనుక్కున్నదే. నిరుడు ఏజెంట్ రిత్విక్ అన్న మా ఇంటి మెట్ల మీద కూర్చుని గంటసేపు బుర్ర తిన్నాడు. మామూలు బీమా మీద ఇంకొంచెం కడితే 'తొలి తప్పు మన్నింపు' వస్తుందన్నాడు. నెలకు ఒక రోజు కిరాయి దానికే పోతుంది. నాలుగేళ్లలో నా బండికి గీత కూడా పడలేదు, నాకెందుకన్నాను. అప్పుడు ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది. "చెల్లె, తప్పు మనిషి చెయ్యకపోతే ఎవరు చేస్తరు? గుడ్డిబండి చేస్తదా? ఒక్కసారి నీ మీద తప్పు పడితే పట్టా కిందికి దిగుతది. ఏడాది దాంక మనుషులను ఎక్కించుకోరాదు. స్వప్నవ్వను ఎవలు తీస్కపోతరు?"

భయపడి కట్టాను.

మార్చి 6. శుక్రవారం

పొద్దున మలుపు దగ్గర మళ్లీ ఒక గుడ్డిబండి గుంతలో దిగబడి, "దయచేసి వేచి ఉండండి" అని పాట పాడుతోంది. తాడు కట్టి లాగాను. లాగాల్సింది మేమే. మా పట్టా ఒప్పందంలో దాని పేరు 'స్నేహపూర్వక సహకారం'. కూలి లేదు. మా గోదావరిఖనిలో ఉన్న ముప్పై చేతిబండ్లు కలిసి రోజుకు నాలుగైదింటిని లాగుతాయి.

ఆసుపత్రి బయట కూర్చుని నిశ్చింత వాళ్లకు ఫోన్ చేశాను. మిషన్ గొంతు. తేనె పూసుకుని పుట్టినట్టుంది.

"మీ బాధ మాకు అర్థమైంది, యశోద గారూ."

"బాధ కాదు. తప్పు నాది కాదంటున్న."

"మిమ్మల్ని ఇప్పటికే మన్నించాం."

"అదే! ఎందుకు మన్నిస్తరు? నేనేం జేసిన?"

"ప్రమాదం జరిగిన డెబ్బై ఒకటో సెకనులో మీరు తప్పు ఒప్పుకున్నారు. మీ పశ్చాత్తాపం కూడా నమోదైంది. ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు."

"నేను ఎవ్వలికీ ఒప్పుకోలే! గీ మన్నింపు నాకొద్దు. వద్దనాల్నంటే ఏ నంబర్ నొక్కాలె?"

కాసేపు సంగీతం వచ్చింది. "ఆ అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు."

ఫోన్ పెట్టేశాను. నేను ఒప్పుకోలేదు. నా పేరు మీద ఎవరో ఒప్పుకున్నారు. నా పాలసీ నంబరు, నా రహస్య సంఖ్య నాకు తప్ప తెలిసింది ఒక్కడికే. అన్నీ నింపి ఇచ్చింది రిత్విక్ అన్నే.

మార్చి 7. శనివారం

ఆయన దుకాణానికి పోయాను. ఫోన్ కవర్లు, బీమా, పెళ్లి కార్డులు అన్నీ ఒకే బల్ల మీద అమ్ముతాడు. నలుగురు కొనేవాళ్లున్నారు. ఉండనీ అనుకున్నాను.

"నా పేరు మీద ఒప్పుకోలు ఎవలు రాసిన్రు అన్నా?"

"ఏం ఒప్పుకోలు చెల్లె?"

"యాక్టింగ్ జెయ్యకు. ఫైలు తొందరగ మూస్తే నీకెంత వస్తది?"

ఆయన ముఖం మాడిపోయింది. కొనేవాళ్లు కవర్లు చూడడం మానేసి మమ్మల్ని చూశారు. "యశోదా, మీ నాయిన నేను ఒక్క షిఫ్టుల బొగ్గు మోసినోళ్లం. నీ సంతకం నేను చేస్తనా?"

"బొగ్గు మోసిన చేతులు తెల్లగుంటయా?" అన్నాను.

అనకూడని మాట అది. అన్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని నా పాలసీ తెరిచాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని గొంతు తగ్గించి చదివాడు. మన్నింపు ఒకసారి వాడుకున్నవాళ్లు మరో మూడేళ్లు తప్పకుండా అదే కట్టాలి. కట్టడం ఆపితే, మన్నించిన తప్పు తిరిగి వాళ్ల పట్టా మీదికి వస్తుంది. నా కొత్త కిస్తీ గడువు ఈ నెల ఇరవై.

"గిది నువ్వు నాకు చెప్పలే," అన్నాను.

"నేను గూడ సదవలే," అన్నాడు. నాకు అబద్ధంలా వినిపించింది.

మార్చి 9. సోమవారం

నాకు చదువు పెద్దగా లేదు. మూలపడేసిన బండ్ల డబ్బాలు విప్పి, తిప్పి, కాల్చి, మళ్లీ అతికించి నేర్చుకున్న పని నాది. బండిలోని రికార్డు డబ్బా డ్రైవర్ చదువుకోవచ్చని మీ నిబంధన ముప్పై ఆరులో ఉంది. ఎలా చదవాలో మాత్రం ఎక్కడా లేదు. నేను చదివాను.

స్వప్నవ్వ రక్తం కడిగించుకుని వచ్చేదాకా ఆసుపత్రి నీడలో కూర్చుని, పాత తీగ ఒకటి చెక్కి డబ్బాకు తగిలించాను. మార్చి 2 నాటి మూడు వరుసలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

06:41:12. తాకిడి, ఎడమ తలుపు. ఈ వాహన వేగం: సున్నా.

06:42:23. డ్రైవర్ మాట: "తప్పైంది అవ్వా, తప్పైంది." నిర్ణయం: ఒప్పుకోలు, స్పష్టం.

06:42:25. డ్రైవర్ వేళ్లు కళ్లకు. కన్నీరు తుడుచుకొనుట. నిర్ణయం: పశ్చాత్తాపం, గాఢం.

మూడుసార్లు చదివాను. అప్పుడు గుర్తొచ్చింది.

బండి గుద్దుకోగానే స్వప్నవ్వ సీట్ల మధ్యలో ఇరుక్కుపోయింది. లేపడానికి నేను ముందు సీటు మీదుగా వెనక్కి దూకాను. నా కాలు ఆమె భుజానికి తాకింది. పెద్దామె. వెంటనే వంగి ఆమె భుజం ముట్టుకుని, వేళ్లు కళ్లకద్దుకుని, "తప్పైంది అవ్వా" అన్నాను. ఎవరైనా అంటారు. కాలు తాకితే మనిషికైనా, పుస్తకానికైనా, చీపురుకైనా అలాగే చేస్తాం. దాన్ని మీ మిషన్ ఏడుపు అనుకుంది. మర్యాదను నేరం అనుకుంది. దాని పైవరుసలోనే వేగం సున్నా అని ఉంది. ఆ వరుస మీకెవరికీ పనికిరాలేదు.

స్వప్నవ్వ బయటికి వచ్చాక చదివి వినిపించాను. మొదట నవ్వింది. మెడలో గొట్టం లాగిందేమో, నవ్వుతూనే "అబ్బా" అంది.

"కాలు తాకితే కండ్లకద్దుకున్నందుకా బిడ్డా? గా మిషినుకు అమ్మ లేదా? చెప్పెటోళ్లు లేరా?"

"నవ్వకు అవ్వా. నీ ఆపరేషన్ ఆగింది గా మాటతోనే."

ఆమె నవ్వు ఆపింది. తన వాచిన చెయ్యి చూసుకుంది. తరువాత అడిగింది, "మన్నించెటోడు ముందుగాల దెబ్బ తిన్నోడు గావాలె గద. దెబ్బ నాకు తాకింది. వాళ్లెవరే నిన్ను మన్నించెటందుకు?"

ఆ ప్రశ్న మీకే పంపుతున్నాను. మీ దగ్గర జవాబు ఉందా?

మార్చి 11. బుధవారం

రిత్విక్ అన్న సంతకం చేయలేదు. నేనే నోరు పారేసుకున్నాను. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి.

దుకాణం ముందు బండి ఆపి, లోపల మాట్లాడితే డబ్బా వింటుందని దిగాను. ఫోన్ కూడా సీటు మీదే వదిలేశాను. నా ఊళ్లో నా వాళ్లకు క్షమాపణ చెప్పడానికి దొంగలా దిగాల్సి వచ్చింది. ఇది కూడా రాసుకోండి.

"అన్నా, తప్పైంది."

ఆయన ఫోన్ కవర్ల కట్ట సర్దుతూనే ఉన్నాడు. "మీ నాయిన గిట్లనే. ముందుగాల తిడుతడు, పొద్దూకి చాయ్ తాపుతడు."

"తాపుత రా."

చాయ్ హోటల్లో లోహిత్ కాక ఉన్నాడు. స్కూలు పిల్లల బండి నడుపుతాడు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. డబ్బా సంగతి చెప్పగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"నన్ను గూడ మన్నించిన్రు," అన్నాడు. "అదే మలుపు. నిరుడు దసరా ముందు. పిల్లల పుస్తకాల సంచి తొక్కిన, కండ్లకద్దుకున్న. మంచి కంపెనీ అనుకున్న, అడగకుంటనే మాఫీ జేసిన్రని ఇంటికాడ చెప్పుకున్న!"

"గప్పుడు ఎవలికన్న దెబ్బ తాకిందా కాక?"

లోహిత్ కాక గ్లాసును వేలితో తిప్పాడు. "ఒక పోరికి ముందర పన్ను పోయింది," అన్నాడు. "నా తప్పుతోనే పోయిందని వాళ్లమ్మ నాతోటి మాట్లాడదు."

సాయంత్రందాకా ముగ్గురం తిరిగాం. ఆ ఒక్క మలుపులో గుడ్డిబండి గుద్దగా మన్నింపు పొందిన చేతిబండ్లు ఏడు. ఏడుగురి మీదా తప్పు ఉంది. గుడ్డిబండి మీద ఒక్కటీ లేదు. స్వయంరథాలకు బీమా చేసేది ఎవరని రిత్విక్ అన్నను అడిగాను. ఆయన చాయ్ ఊదుకుంటూ చెప్పాడు. నిశ్చింత.

ఇప్పుడు అర్థమైంది, తప్పు గుడ్డిబండిదని తేలితే డబ్బు కట్టాల్సింది వాళ్లే. గుంత గురించి ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం వింత కాదు. క్షమించినవాళ్ల మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

మార్చి 13. శుక్రవారం

నా అనుమానం అనుమానంగా ఉంటే మీరు ఒప్పుకోరు. రుజువు కావాలి. కానీ ఒకసారి మన్నింపు వాడినవాళ్ల డబ్బా రెండోసారి మన్నించదు. వాడని పాలసీ ఉన్న చేతిబండి కావాలి.

"నాదున్నది," అన్నాడు రిత్విక్ అన్న. పదేళ్ల పాత కారు, దుకాణం వెనక రేకుల కింద ఉంటుంది. "నేను అందరికి అమ్మిన గద, మొదలు నేనే కొనుక్కున్న."

"పోతది అన్నా. ఇగ మూడేండ్లు కట్టుకుంట కూసోవాలె."

"పోనీ. చిన్నక్షరాలు సదవనందుకు గింతన్న కట్టాలె."

కారు గోడకు ఆనించి ఉంది. చక్రాల కింద రాళ్లున్నాయి. డబ్బా వెలగడానికి తాళం ఒక్క మెట్టు తిప్పి వదిలాం, మోటారు వేయలేదు. ముందూ వెనకా ఏ బండీ లేదు. రిత్విక్ అన్న లోపల కూర్చున్నాడు. లోహిత్ కాక పాత టైరు ఒకటి ఎత్తి ఎడమ తలుపు మీదికి విసిరాడు. కారు ఊగింది.

"గంత గట్టిగనా కాకా!" అని లోపలినుంచి అరుపు.

"ఆర్నెల్ల కోపమున్నది, ఊకో. మాట అను, మాట అను!"

రిత్విక్ అన్న పక్క సీటు మీద నేను పెట్టిన పుస్తకానికి కాలు తాకించి, వేళ్లు కళ్లకద్దుకుని, "తప్పైంది తల్లీ" అన్నాడు.

ఫోన్ పట్టుకుని ముగ్గురం నిలబడ్డాం. రెండు నిమిషాలు కాలేదు.

"రిత్విక్ గారూ, నేటి ప్రమాదానికి మిమ్మల్ని మన్నించాం. ఫైలు మూసివేయబడింది. నిశ్చింతగా ఉండండి."

రాళ్లు పెట్టి ఉన్న కారు. గుద్దింది టైరు. దానికీ మన్నింపే. లోహిత్ కాక నేల మీద కూర్చుని నవ్వాడు. నవ్వి నవ్వి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఆ పిల్ల పన్ను గుర్తొచ్చిందేమో. నేను అడగలేదు.

మార్చి 16. సోమవారం

స్వప్నవ్వ మెడ దగ్గర ఎర్రబడింది. ఈ వారం దాటితే గొట్టం తీసేయాలని, ఆలోపు కుడి చేతికి ఆపరేషన్ తేల్చుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

వచ్చేటప్పుడు బండిలో అడిగాను. "అవ్వా, ఇరవై తారీఖుకు కిస్తీ కట్టి నోరు మూసుకుంటే నా పట్టా నిలుస్తది. కట్టకుంట కొట్లాడితే, ఓడిపోతే, ఏడాది దాంక నిన్ను ఎక్కించుకోరాదు. ఏం జెయ్యాలె?"

"నన్నడుగుతున్నవా?"

"దెబ్బ నీది గద."

ఆమె కిటికీలోంచి మలుపు చూస్తూ కూర్చుంది. నేను ఆగి, రెండు హారన్లు కొట్టి, కుడి అంచు పట్టుకుని దిగాను.

"నీది తప్పుంటే నేనే మన్నిద్దును బిడ్డా. పైస తీస్కోకుంట," అంది. "లేని తప్పుకు మన్నింపు కొనుక్కుంటె గది మన్నింపు కాదు. మూత."

నిరుడు మెట్ల మీద తేలని లెక్క అక్కడ తేలింది. తప్పు చేసేవాడికి ఈ మన్నింపు గిట్టుబాటేమో. చేయనివాడు మాత్రం తన నోటికి తానే మూత కొనుక్కుంటున్నాడు. నేను కట్టను.

ఇక మీకు చెప్పేది సూటిగా చెప్తున్నాను.

మార్చి 2 నాటి మన్నింపు నాకు వద్దు. నా ఫైలు తెరవండి. ఆ ఉదయం 06:41కి మీరు బీమా చేసిన స్వయంరథం ముందు కెమెరాలో ఉన్నదాన్ని బయట పెట్టండి. పెట్టాక తప్పు నాదని తేలితే నా పట్టా నా చేతులతో తెచ్చిస్తాను. స్వప్నవ్వ ఆపరేషన్‌కు మాత్రం కెమెరా సంగతి తేలేదాకా ఆగొద్దు, మీ పేరు మీద ఈరోజే ఆసుపత్రికి కాగితం పంపండి. నాతో కలిపి ఏడుగురి ఫైళ్లూ తెరవండి. పన్ను పోయిన పిల్ల తల్లికి ఆ రోజు ఎవరు గుద్దారో రాసి పంపండి. గుంతను మ్యాపులో పెట్టండి. మీ మిషన్‌కు 'తప్పైంది' అంటే ఏమిటో మా దగ్గరికి పంపి నేర్పించండి, స్వప్నవ్వ నేర్పుతుందట.

లేకపోతే ఇరవైకి నేను కిస్తీ కట్టను. లోహిత్ కాక కట్టడు. రిత్విక్ అన్న కొత్త పాలసీ ఒక్కటీ అమ్మడు. ఖనిలో ముప్పై చేతిబండ్లున్నాయి, ఇరవై ఆరుగురు ఈ లాగ్ కింద వేలిముద్ర వేశారు. మనుషులను తీసుకెళ్లడం మానం. మీ గుడ్డిబండి గుంతలో దిగితే మాత్రం తాడు కట్టేవాళ్లు ఉండరు. పాట పాడుకుంటూ అక్కడే ఉంటుంది. స్నేహపూర్వక సహకారం స్నేహం ఉన్నచోటే.

లాగ్ ఎవరూ చదవరని అందరం అనుకుంటాం. అందుకే దీన్ని ఆసుపత్రి కౌంటర్ దగ్గర, చాయ్ హోటల్ గోడ మీద, మలుపు దగ్గరి పసుపు మైలురాయి మీద కూడా అంటించాం.

మిషన్ జవాబు వద్దు. పేరున్న మనిషి, పేరు రాసి జవాబివ్వాలి. మార్చి 18, బుధవారం ఉదయం ఆరున్నరకు స్వప్నవ్వ వాకిట్లో రెండు హారన్లు కొడతాను. జవాబు ఆలోపు రావాలి.

జంగిలి యశోద
చేతి పట్టా, గోదావరిఖని